స్వధర్మ మార్గము – సవర కొండలు నేర్పు పాఠము

మానవుడు జన్మించినది మొదలు ఏదో యొక త్రోవను నడచుచునే యుండును. అయితే ఆ త్రోవ తనదా, లేక ఇతరులు నడచుచుండగా చూచి తానును పట్టినదా యను విచారణ పెక్కుమందికి కలుగదు. గీతాచార్యుడు మూడవ అధ్యాయమున నొకసారి, పదునెనిమిదవ అధ్యాయమున మరల నొకసారి ఈ విషయమునే హెచ్చరించెను. పరధర్మమును ఎంత చక్కగా నాచరించినను, కొరతలున్న స్వధర్మమే దానికంటె మేలని యా బోధ యొక్క సారాంశము. రణరంగమున నిలిచి అర్జునుడు భిక్షాటనముచే బ్రతుకుట మేలనెను. భిక్షాటనము పాపము కాదు. ఎందరో మహాత్ములకు అది తగిన వృత్తియే. కాని అది అర్జునుని త్రోవ కాదు.

అయినచో మన త్రోవ ఏదియని తెలిసికొనుట యెట్లు? తూర్పు కనుమలలోని సవర కొండలు ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మొకటి చెప్పుచున్నవి.

సవరల ప్రాచీనత

సవరలు, అనగా శబరులు, మన వాఙ్మయమునకు క్రొత్తవారు కారు. ఐతరేయ బ్రాహ్మణము ఆంధ్రులను, శబరులను ఒక్కచోటనే పేర్కొన్నది. రామాయణమందలి శబరి పేరు వినగనే భక్తులకు ఈ జాతి స్మరణకు వచ్చును. ఆమె చరిత్రయే స్వధర్మమునకు గొప్ప నిదర్శనము. మతంగాశ్రమమున ఆమె సేవించిన మునులు దివ్యలోకములకు వెడలిపోయినను, శబరి వారిని వెంబడింపలేదు. రాముడు వచ్చువరకు వేచియుండుటయే ఆమె పని. ఆ పనిని విడువక నిలిచినది కనుకనే స్వామి ఆమె కుటీరమును వెదకికొని వచ్చెను.

పురీక్షేత్ర సంప్రదాయమున వేరొక గాథ కలదు. జగన్నాథస్వామి తొలుత నీలమాధవుడను పేర అడవిలో శబరనాయకుడగు విశ్వావసునిచే పూజింపబడెనట. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన విద్యాపతి యను బ్రాహ్మణుడు ఆ మూర్తిని దర్శింపగోరగా, విశ్వావసుడు అతని కన్నులకు గంతలు కట్టి తీసికొనిపోయెను. విద్యాపతి దారి పొడవునను ఆవగింజలు జారవిడిచెను. అవి మొలచి తరువాత మార్గమును చూపెను. నేటికిని స్నానయాత్ర మొదలు రథయాత్ర ముగియువరకు స్వామి ఆంతరంగిక సేవలు చేయు దైతాపతులు ఆ విశ్వావసుని సంతతివారని ప్రసిద్ధి.

ఒక ఉపాధ్యాయుని త్రోవ

ఇట్టి సవరల నడుమ తన జీవితమార్గమును కనుగొనిన గృహస్థు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వీరు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున వంశధార తీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. విజయనగరమున చదువుకొనునప్పుడు గురజాడ అప్పారావుగారు వీరికి సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలయందు ఉపాధ్యాయులైరి. కుటుంబమును పోషించుకొనుటకు చేరిన కొలువే గాని, అందు విశేషమేమియు లేదు.

అయితే పర్లాకిమిడి చుట్టునున్న కొండలనుండి దిగివచ్చు సవరలు వారి కంటబడిరి. వీరి భాష ఎవ్వరికిని తెలియదు. తెలిసికొనవలెనని ఎవ్వరికిని తోచలేదు. పంతులుగారికి తోచినది. తెలుగును, సవరమును తెలిసిన యొక వ్యక్తిని తమ యింటనే ఉంచుకొని ఆ భాషను అభ్యసింపసాగిరి. అది తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినది కాదు, ముండా కుటుంబమునకు చెందినది. మాట నడుమ కంఠమున ఊపిరిని బిగబట్టి పలుకు ధ్వనులు అందు కలవు. లిఖిత గ్రంథముగాని, వ్యాకరణముగాని వారికి ఆధారముగా లేవు. చెవియొక్కటే సాధనము.

నేర్చిన విద్యను వారు తమయొద్దనే దాచుకొనలేదు. సవర భాషలో పుస్తకములు వ్రాసిరి. స్వంత ధనముతో బడులు పెట్టించి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఈ కృషికి 1913లో మద్రాసు ప్రభుత్వము బిరుదమొసగి గౌరవించెను. కాని కొండలు వారినుండి వెల తీసికొనకపోలేదు. అడవులలో తిరుగుటచే సోకిన మలేరియా జ్వరమునకు విశేషముగా క్వినైను వాడవలసివచ్చి, వారి వినికిడి దెబ్బతినెను. చెవితో భాషను పట్టుకొన్న మహనీయునికి చెవియే మందగించెను! అంతటితో ఆ పని నిలిచిపోయినను లోకము నిందింపదు. అయినను వారు విడువలేదు. దశాబ్దముల పరిశ్రమ ఫలించి సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి.

జనుల నోటనున్న భాషకే ప్రాణమున్నదని సవరల సన్నిధిలో తెలిసికొనిన పంతులుగారు, ఆ సత్యమునే తెలుగునకును అన్వయించి, వాడుకభాషకై పోరాడిరి. 1919లో అందులకై ‘తెలుగు’ అను పత్రికను నెలకొల్పిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, దానిని సమ్మతింపక, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న పరమపదించిరి.

ఆ 1936లోనే సవరలలో మంగయ్ గొమాంగో యను నాతడు తమ భాషకు ప్రత్యేకముగ నొక లిపిని కల్పించెను. ఆ లిపి నాదరించువారు అక్షరములనే దైవముగా పూజింతురు. ఇరువురి త్రోవలు వేరు, గమ్యము ఒక్కటే.

గ్రహింపదగిన అంశములు

మొదటిది: మన మార్గము దూరదేశమున దాగియుండదు. కొండజనులను పర్లాకిమిడిలో ప్రతివారును చూచుచునే యుండిరి. ఎదుటనున్నదానిని ఆదరముతో చూచినవానికే అది మార్గమైనది.

రెండవది: అందులకై సంసారమును, కొలువును విడువ నక్కరలేదు. పంతులుగారు 1911వరకు ఉద్యోగము చేయుచునే, మిగిలిన కాలమును ఈ యజ్ఞమునకు వెచ్చించిరి. పొట్టకూటి పని, జీవితపు పని వేరువేరైనను ఒక్క యింట ఇముడగలవు.

మూడవది: నిజమైన మార్గము పరులకు మేలు చేయును. తనకు కీర్తిని మాత్రమే తెచ్చు త్రోవను శంకింపవలెను.

నాలుగవది: వెల చెల్లింపవలసి వచ్చినప్పుడే అది మనదో కాదో తేలును. ఎరువు తెచ్చుకొన్న కోరిక తొలి కష్టముతోనే జారిపోవును. స్వధర్మము కష్టమున గట్టిపడును.

తల్లిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. పొరుగింటివాని కుమారుడు చేరిన చదువులోనే తమ బిడ్డయు చేరవలెనను పట్టుదల నేడు ఇంటింట కనబడుచున్నది. బిడ్డ దేనిని చూచి ఆగుచున్నాడో, దేనిని అడుగకయే నేర్చుకొనుచున్నాడో కనిపెట్టుట పెద్దల ధర్మము. దీపము వెలిగించి ఇచ్చుటవరకే పెద్దల వంతు, నడువవలసినవాడు బిడ్డయే.

తాను నడచిన త్రోవ తనతో ముగియునేమో యని సాధకుడు చింతింపరాదు. పంతులుగారు గతించిన ఆరు దశాబ్దములకు పైన, 2004లో, ఆంధ్రదేశమున సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మొదలగు ఎనిమిది భాషలలో బిడ్డలకు ప్రాథమిక విద్య గరపు ప్రయత్నము ఆరంభమైనది. సీతంపేట కొండలనుండి అరకు లోయవరకు గల పల్లెలలో ఈ భాషలు వినవచ్చును. విద్యాపతి చల్లిన ఆవగింజలవలె, ఏనాటివో విత్తులు తరువాతివారికి దారి చూపుచున్నవి.

కావున ప్రతి గృహస్థుడును ప్రాతఃకాలమున స్వామి సన్నిధిని ఒక్క క్షణము నిలిచి, “నాకు నియమించిన పని యేది?” యని ప్రశ్నించుకొనుట మంచిది. సమాధానము ఆ దినముననే దొరకకపోవచ్చును. ఓర్పుతో అడుగువానికి, తన వాకిట నిలిచియున్న మనుష్యుని రూపముననే అది యొకనాడు కనబడును.