మాన్యువల్‌కి ఏ లైసెన్సు?

స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్ళు కోడుకు జీపీఎల్ తగిలించడం మరిచిపోరు. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ దగ్గరకొచ్చేసరికి మాత్రం "అదీ అంతే కదా" అని వదిలేస్తారు. అంతే కాదు. ఏ లైసెన్సూ ప్రకటించని రచన మీద సర్వహక్కులూ రాసినవారివే, కాపీరైటు గుర్తు పెట్టినా పెట్టకపోయినా. అనువాద హక్కు కూడా అందులో భాగమే. అమెరికా చట్టంలోనూ అంతే, భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలోనూ అంతే. అంటే ఎవరో ఊరికే నెట్‌లో పెట్టిన మాన్యువల్‌ను తెలుగు చెయ్యాలన్నా రాసినవారిని అడగాల్సిందే.

జీపీఎల్‌నే మాన్యువల్‌కీ పెట్టేస్తే సరిపోదా? పెట్టవచ్చు, తప్పేం లేదు. కానీ ఆ లైసెన్సు 'ప్రోగ్రాము', 'సోర్సు కోడు' అంటూ సాగుతుంది. పుస్తకం అచ్చువేసేవారికి ఏది సోర్సో తేల్చుకోవడం కష్టం. అందుకే ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ 2000లో మాన్యువళ్ళ కోసమే జీఎఫ్‌డీఎల్ తెచ్చింది. ఉద్దేశం మంచిదే, చిక్కల్లా అందులోని 'మార్చకూడని భాగాల'తో వచ్చింది. ఈమాక్స్ మాన్యువల్‌నే తీసుకోండి. అందులో గ్నూ మానిఫెస్టో మార్చకూడని భాగం. రేపు మీరు ఆ మాన్యువల్‌ను తెలుగు చేస్తే, మానిఫెస్టోకి తెలుగు అనువాదం జతచెయ్యవచ్చు గానీ, హక్కుదారుల ప్రత్యేక అనుమతి లేకుండా ఇంగ్లీషు మూలాన్ని తీసెయ్యడానికి లేదు. బడిపిల్లల కోసం ఇరవై పేజీల్లో కుదించి వేసినా ఆ బరువంతా మొయ్యాల్సిందే. డెబియన్ వాళ్ళు 2006లో ఓటింగు పెట్టి, మార్చకూడని భాగాలు లేని జీఎఫ్‌డీఎల్ పుస్తకాలనే స్వేచ్ఛాయుతమైనవిగా లెక్కించాలని తేల్చారు. దాంతో ఈమాక్స్ ప్రోగ్రాము డెబియన్ ప్రధాన విభాగంలోనూ, దాని మాన్యువల్ స్వేచ్ఛ లేని విభాగంలోనూ సర్దుకోవలసి వచ్చింది!

మన తెలుగు వికీపీడియా కూడా 2003 డిసెంబరులో ఈ జీఎఫ్‌డీఎల్ కిందే పుట్టింది. విజ్ఞాన సర్వస్వానికి మాన్యువళ్ళ లైసెన్సు ఏమిటంటారా? ఇంగ్లీషు వికీపీడియా మొదలైన 2001లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఇంకా లేవు మరి. ఒక్క పేజీ వ్యాసాన్ని కరపత్రంగా అచ్చువేసినా లైసెన్సు పూర్తి పాఠం జతచెయ్యాలి. పిడికెడు వ్యాసానికి బారెడు లైసెన్సు. పోనీ మార్చుకుందామంటే, రాసిన ప్రతివారూ హక్కుదారులే. వారిలో ఐపీ అడ్రసు తప్ప పేరైనా తెలియనివారు ఎందరో. ఎవరిని అడుగుతారు?

దారి చూపించింది లైసెన్సు ప్రకటనలోని చిన్న ముక్క: "ఈ వెర్షను గానీ, ఆ తరువాతి వెర్షను ఏదైనా గానీ." 2008 నవంబరులో వచ్చిన 1.3 వెర్షను, ఇటువంటి వికీలు 2009 ఆగస్టు 1 లోపు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 3.0 కింద కూడా విడుదల చేసుకోవచ్చునంది. 2009 జూన్‌లో తెలుగుతో సహా అన్ని వికీపీడియాలూ మారాయి. 2023 జూన్‌లో 4.0కి చేరాయి. రేపటి వెర్షనులో ఏముంటుందో చూడకుండానే ఒప్పుకోవడం ఖాళీ కాగితం మీద సంతకమే కదా అనేవారున్నారు. లినక్స్ కెర్నెల్ అందుకే జీపీఎల్ రెండో వెర్షనుకే కట్టుబడింది. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ వందమంది చెయ్యి పడే మాన్యువల్‌కి ఆ తలుపు తెరిచి ఉంచడమే మేలని నా అభిప్రాయం.

ఇంకో తిరకాసు మాన్యువల్‌లోని ఉదాహరణ కోడు. జీఎఫ్‌డీఎల్ పుస్తకంలోని పది లైన్లు జీపీఎల్ ప్రోగ్రాములో అతికిస్తే రెండు లైసెన్సులకూ పొసగదు. గ్నోమ్ వాళ్ళు వాడుకరి సహాయ పుస్తకాల్ని బై-ఎస్ఏ 3.0 కింద ఇస్తూ, ఉదాహరణ కోడును మాత్రం ఎవరి ఇష్టం వచ్చిన షరతులతో వారు వాడుకోవచ్చని ఒక్క వాక్యం చేర్చారు. కాపీ కొట్టదగిన వాక్యం. 2015 నుంచి బై-ఎస్ఏ 4.0 రచనను జీపీఎల్ మూడో వెర్షనులోకి తీసుకోవచ్చు, తిరుగుదారి మాత్రం లేదు.

ఇక మన సంగతి. ఫ్రిస్కోలో కూర్చుని నేనొక అధ్యాయం రాస్తాను, గుంటూరులో ఒక మిత్రుడు తెలుగు చేస్తాడు. మూలం మీద హక్కు నాది, అనువాదం మీద హక్కు అతనిది; ఇద్దరం లైసెన్సు ఇస్తేనే పుస్తకం మూడోవారికి పనికొస్తుంది. "ఎవరైనా వాడుకోండి" అని అతను ఒక్క ముక్క రాసిస్తే చాలదు. భారత చట్టంలోని 19వ సెక్షను ప్రకారం గడువు రాయని హక్కుల బదిలీ అయిదేళ్ళకేనని, ప్రాంతం రాయనిది భారతదేశం వరకేనని భావిస్తారు. 30ఏ సెక్షను దీన్ని లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. జీఎఫ్‌డీఎల్, క్రియేటివ్ కామన్స్ రెండూ 'ప్రపంచవ్యాప్తంగా' అని, గడువు సంగతి కూడా స్పష్టంగా చెప్పేస్తాయి. సొంతంగా లైసెన్సు రాసుకునే సరదా ఉన్నవారు ఇది గమనించాలి.

నా హక్కు నిజంగా నాదేనా అన్నది వేరే ప్రశ్న. ఉద్యోగ బాధ్యతలో భాగంగా రాసినది రెండు దేశాల్లోనూ సాధారణంగా యజమానిదే. వారాంతంలో సొంత కంప్యూటరు మీద రాసినది మనదే గానీ, చేరినరోజు సంతకం పెట్టిన కాగితం అంతకంటే ఎక్కువ రాయించుకుని ఉండవచ్చు. సొంత సమయంలో చేసిన ఆవిష్కరణలకు కాలిఫోర్నియా కార్మిక చట్టంలో 2870వ సెక్షను కొంత రక్షణ ఇస్తుంది. టెక్సాస్‌లో అటువంటి సెక్షను లేదు. ఆ కాగితం వెతికి చదవండి, అవసరమైతే అనుమతి ఈమెయిల్‌లో తీసుకోండి.

అనువాదకులకు చివరగా ఒకటి. గెట్‌టెక్స్ట్ తయారుచేసే పీవో ఫైలు పైభాగంలో, ఈ ఫైలు ఫలానా ప్యాకేజీ లైసెన్సు కిందే పంపిణీ అవుతుందన్న వాక్యం ఉంటుంది. ప్యాకేజీ పేరు, సంవత్సరం, హక్కుదారు, అనువాదకుడు అన్న ఖాళీలు మనమే నింపాలి. తెలుగు ఫైళ్ళు తెరిచినప్పుడు మొదట ఆ నాలుగూ చూడండి.