డెబ్బై దాటాక చదివిన పిల్లల నవల

అమెరికాలో అమ్మాయి ఇంట్లో, మనవరాలి పుస్తకాల అలమరలో కనిపించింది 'షార్లెట్స్ వెబ్'. ఇ. బి. వైట్ రాసిన ఈ నవల 1952లో వచ్చింది. కోతకు సిద్ధం చేస్తున్న విల్బర్ అనే పందిని షార్లెట్ అనే సాలెపురుగు తన గూట్లో మాటలు అల్లి కాపాడుతుంది. అక్కడి పిల్లలు బళ్ళో చదివేసే పుస్తకం నాకు డెబ్బై దాటాక దొరికింది. నా ఈడువాళ్ళకు పనికొస్తాయని నాలుగు మాటలు.

1. మొహమాటపడకండి. మా చిన్నప్పుడు మాకు అందినవి చందమామ, బాలమిత్ర. ఇంగ్లీషు నవలంటే కాలేజీలో పరీక్ష కోసం చదివిందే. అప్పుడు దొరకనిది ఇప్పుడు దొరికితే చదువుకోవడమే.

2. వర్ణనలు దాటేయకండి. మూడో అధ్యాయం కొట్టం వాసనలతో మొదలవుతుంది. ఎండుగడ్డి, పేడ, అలిసిన గుర్రాల చెమట, ఆవుల ఊపిరి, కొత్త తాడు. గొడ్లచావిడి ఉన్న ఇంట్లో పెరిగిన నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. మా మనవరాలికి మాత్రం అదే పేజీ బోరు.

3. రచయిత గురించి కాస్త తెలుసుకోండి. వైట్‌కు మెయిన్ రాష్ట్రంలో సొంత పొలం ఉండేది. అక్కడ తాను పెంచిన పంది జబ్బుచేసి చచ్చిపోతే 1948లో దాని మీద వ్యాసం రాశాడు. నాలుగేళ్ళకు పంది బతికి బట్టకట్టే నవల వచ్చింది. ఈ సంగతి తెలిశాక కథ బరువు పెరిగింది.

4. చిన్న పాత్రల్ని వదలకండి. టెంపుల్టన్ అనే ఎలుక లాభం లేనిదే కాలు కదపదు. కుడితి తొట్టిలో రోజూ ముందు తానే తినేలా విల్బర్ దగ్గర మాట తీసుకున్నాకే షార్లెట్ పెట్టిన గుడ్ల సంచిని కిందికి దించుతుంది. ఉద్యోగం చేసినవాళ్ళకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. వాళ్ళ చేతా మంచిపని చేయించవచ్చు.

5. పెద్దవాళ్ళ అధ్యాయాలు మనకోసమే. జంతువులు మాట్లాడుకుంటాయంటున్న కూతురు ఫెర్న్ గురించి తల్లి బెంగపడి డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన కంగారుపడడు, ఎవరూ నేర్పకుండా పురుగు గూడు అల్లడమే వింత కదా అంటాడు. పిల్లలకు చప్పగా ఉండే ఈ భాగం తల్లిదండ్రులు తప్పక చదవాల్సింది.

6. చావును దాచకండి. షార్లెట్ సంత మైదానంలో ఒంటరిగా పోతుంది. వైట్ దాన్ని మెత్తబరచలేదు. నేను పైకి చదువుతూ అక్కడ ఆగిపోతే మిగతాది మనవరాలే చదివింది. పిల్లలు మనం అనుకున్నదానికన్నా గట్టివాళ్ళు.

7. చివర్లో నీతి అడగకండి. షార్లెట్ పెట్టిన గుడ్లు 514 అని మనవరాలు లెక్క చెప్పింది. వాటిలోంచి వచ్చిన పిల్లల్లో ముగ్గురే విల్బర్ దగ్గర ఉండిపోయారన్నది నాకు పట్టింది. ఎవరికి అందింది వాళ్ళది.

చిన్నప్పుడు చదవలేకపోయిన పుస్తకం మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఏది చదవాలో ఇంట్లో పిల్లల్నే అడగండి. వాళ్ళ పక్కన కూర్చుని, పైకి చదవండి.