వార్ధక్యమున వైద్యబీమా - రైతు తెలిసికొనవలసిన సంగతులు

కొలువు చేయువాడు పని విరమించునాటికి అతనికి పింఛనో, వైద్యమునకొక యేర్పాటో ఉండును. రైతునకు విరమణదినమనునది లేదు. ఓపిక ఉన్నంతకాలము ఊడ్పుల వెంటను కోతల వెంటను తిరుగును. ఓపిక తగ్గిన పిమ్మట గట్టుమీద కూర్చుండి కొడుకులకు పని చెప్పును. అతని పింఛను అతని పొలమే. కనుక పెద్దవయసున ఒక గుండెజబ్బు వచ్చినను, తుంటియెముక విరిగినను, ఆసుపత్రి లెక్క తీర్చుటకు మొదట కదలునది ఆ పొలమే. అరయెకరము మాగాణి ఒకసారి చేయిదాటినచో అరువదియైదేండ్లవాడు దానిని మరల సంపాదింపగలడా?

పంటబీమాకు గడువు కలదని మన సభ్యులెల్లరు నెరుగుదురు. తుపాను వచ్చి చేలు మునిగిన పిమ్మట బీమా చేయుదుమన్న నెవ్వరును చేయరు. వైద్యబీమాకును అదియే న్యాయము. అయినను సార్వాకు చెల్లించిన రసీదును పెట్టెలో భద్రపరచు రైతు, తన యొంటి సంగతి వచ్చునప్పటికి “అప్పుడు చూచుకొందములే” యనును. ఈ వ్యాసము ఆ మాటను గూర్చియే.

మొదట సర్కారు కార్డు. ఉమ్మడి రాష్ట్రమున ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలు 1వ తేదీన మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైనది. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఉభయగోదావరులకు వచ్చినది. తరువాత దాని పేరు పలుమారులు మారినది. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. 2020 జనవరిలో ఏలూరున ఆరంభించి, పశ్చిమగోదావరి జిల్లాలో ప్రయోగముగా 2,059 చికిత్సలకు దానిని విస్తరించిరి. 2023 డిసెంబరులో కుటుంబమునకు సంవత్సరపు పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచిరి. పేరును విధమును మారుచుండు పథకమగుటచేత, పాత కార్డు ఇంట నున్నదను ధైర్యముతో నుండక, అది ఇప్పుడు చెల్లునో లేదో, ఇంటిలోని పెద్దవారి పేర్లు అందున్నవో లేవో ముందుగానే చూచుకొనవలెను. కొడుకులు వేరుపడినపుడు తలిదండ్రుల పేర్లు ఎవరి కార్డులోను లేకుండుట కద్దు. 104 నంబరునకు ఫోను చేసినను, పథకములో చేరిన ఆసుపత్రిలోని వైద్యమిత్ర నడిగినను ఈ సంగతి తెలియును.

రెండవది, 70 ఏండ్లు నిండినవారికి వచ్చిన కేంద్రప్రభుత్వపు కార్డు. ఆయుష్మాన్ భారత్ పథకమున 2024 అక్టోబరు 29వ తేదీనుండి వృద్ధులకు ‘వయవందన’ కార్డు లిచ్చుచున్నారు. దీనికి ఆదాయముతో పనిలేదు. పెద్దరైతునకును కౌలుదారునకును ఒకటే. కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల వరకు చికిత్స. భార్యాభర్తలిరువురును 70 దాటినవారైనచో ఆ 5 లక్షలు ఇరువురికిని కలిపియే యని గుర్తుంచుకొనవలెను. ఇదివరకే ఆయుష్మాన్ భారత్‌లో నున్న కుటుంబమైనచో వృద్ధులకిది అదనము. ఇంటిలోని చిన్నవారితో పంచుకొననక్కరలేదు. పాతజబ్బులకు సైతము మొదటిదినమునుండియే వర్తించును. ప్రయివేటు పాలసీ యున్నవారును తీసికొనవచ్చును. మాజీ సైనికులు మాత్రము తమ పథకమో ఇదియో ఒకటి ఎంచుకొనవలెను.

దీనికి ఆధారము ఆధార్ ఒక్కటే. ఇక్కడనే మనవారికి చిక్కు. చదువులేని పెద్దల ఆధార్‌లో పుట్టిన సంవత్సరము అంచనాగా వ్రాయించినవి అనేకము. డెబ్బదిరెండేండ్ల ముసలమ్మకు కాగితముపై అరువదియారు మాత్రమే యుండవచ్చును. అంబులెన్సులో కాకినాడకు పోవుచు దిద్దించుకొను తప్పు కాదిది. ఈ దాళ్వా కోతలలోగా సరిచూచుకొనుడు.

ఈ రెండు కార్డులుండగా మరి బీమా ఎందుకని అడుగవచ్చును. సర్కారు పథకము నిర్ణయించిన చికిత్సలకు, నిర్ణయించిన ధరకు, చేరిన ఆసుపత్రులలోనే చెల్లును. ఆసుపత్రిలో చేరకుండ నెలనెల మ్రింగు చక్కెరజబ్బు మాత్రలు, రక్తపుపోటు మాత్రలు అందు రావు. (వానికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమో, జనౌషధి దుకాణమో ఆశ్రయించుట మేలు, పేరుగల మాత్రయే కావలెనన్న పట్టుదల అనవసరపు ఖర్చు.) మీరు కోరిన ఆసుపత్రి పథకములో లేకున్న మొత్తము మీదనే పడును. ఆ లోటును పూడ్చుటకే ప్రయివేటు పాలసీ. చేతిలో డబ్బాడనివారు దానికై అప్పు చేయవలదని నా అభిప్రాయము. స్తోమతుగలవారు మాత్రము వయసు మీరకముందే కొనవలెను.

ఎందుచేత ననగా, పాలసీ తీసికొనునాటికే యున్న జబ్బునకు కొంతకాలము వరకు కంపెనీ చెల్లింపదు. బీమా నియంత్రణసంస్థ 2024లో ఆ నిరీక్షణకాలమును 3 సంవత్సరములకు మించరాదని నిర్ణయించినది. 65 ఏండ్లు దాటినవారికి పాలసీ ఈయనక్కరలేదను పాత వాడుకను కూడ ఆ యేడే తొలగించినది. కాని అరువదియెనిమిదవ యేట కొన్నవానికి ప్రీమియము హెచ్చు, నిరీక్షణ తప్పదు. ఏబదియైదవ యేట కొన్నవాడు అరువది నాటికే నిరీక్షణ ముగించి నిశ్చింతగా నుండును. 60 దాటినవారి ప్రీమియమును ఏడాదికి నూటికి 10కి మించి తమంతట తాము పెంచరాదని 2025 జనవరిలో కంపెనీలకు ఆజ్ఞయైనది. వ్యక్తిగత పాలసీలపై నూటికి 18 వంతున నుండిన పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి లేదు.

అమెరికాలో బిడ్డలున్న మన కోనసీమవారికిని, భీమవరపు ప్రాంతమువారికిని ఇదే సూత్రము అక్కడను కనబడును. ఆ దేశమున 1965లో చేసిన శాసనముచే 65 ఏండ్లవారికి మెడికేర్ అను ప్రభుత్వబీమా ఏర్పడినది. అందు వైద్యుల ఫీజు భాగము సాధారణముగా నూటికి 80 వంతులు మాత్రమే ఇచ్చును. మిగిలినదానికి వేరొక పూరకపాలసీ కొందురు. 65 దాటి ఆ భాగమున చేరిన తొలి 6 నెలలలో కొన్నచో జబ్బు సాకుతో కాదనుటకు కంపెనీకి వీలులేదు. ఆ అదను తప్పినచో కాదనవచ్చును. మనవారు గ్రీన్‌కార్డుపై పోయినను 5 ఏండ్లు ఎడతెగక నివసించిన తరువాతనే మెడికేరును కొనుక్కొను అర్హత వచ్చును. మనుమలను చూడబోవు ముసలివారు ప్రయాణబీమా లేకుండ విమానమెక్కరాదు.

ఇక పాలసీపై పాలసీ సంగతి. దీనిని టాపప్ అందురు. కాలువగట్టుపై మరియొక మూరెడు మట్టివేసినట్లే ఇది. క్రిందిగట్టు మునిగిన తరువాతి నీటిని మాత్రమే ఆపును. 5 లక్షలు దాటిన ఖర్చునే యిచ్చు పాలసీకి ప్రీమియము మొదటిరూపాయి నుండి యిచ్చుదానికంటె చౌక. కాని ఇందు రెండు రకములు. ఒకే సంవత్సరమున ఒకడు రెండుమారులు ఆసుపత్రిలో చేరి, ఒకసారి 3 లక్షలు, ఒకసారి 4 లక్షలు ఖర్చు చేసెననుకొందము. మామూలు టాపప్ వేర్వేరుగా చూచును; ఏదియు 5 దాటలేదు గనుక ఏమియు నీయదు. సూపర్ టాపప్ రెంటిని కూడి 7 లక్షలుగా నెంచి 2 లక్షలిచ్చును. ఏజెంటు ఏది అమ్ముచున్నాడో పేరు చదివి తీసికొనుడు. సర్కారు కార్డుపై జరిగిన చికిత్స ఆ 5 లక్షల లెక్కలో చేరునా యన్న ప్రశ్నకు కంపెనీనుండి వ్రాతమూలకమైన జవాబు పుచ్చుకొనుడు.

గది అద్దె షరతును కూడ చూడవలెను. రోజునకు 3,000 పరిమితిగల పాలసీతో 6,000 గదిలో నున్నచో, కొన్ని పాలసీలలో గది అద్దెయే గాక వైద్యుని ఫీజు మున్నగునవియు సగమునకు తగ్గును. వృద్ధుల పాలసీలలో ప్రతి ఖర్చులోను నూటికి ఇంత మనమే భరింపవలెనను నిబంధన తరచుగా నుండును.

అన్నిటికంటె ముఖ్యము, దరఖాస్తులో నిజము వ్రాయుట. “చక్కెరజబ్బు సంగతి వ్రాయవలదండి, ప్రీమియము పెరుగును” అని చెప్పు ఏజెంటు మీకు మిత్రుడు కాడు. తన కమీషను తాను తీసికొని పోవును. దాచితిరని పాలసీ రద్దుచేసినపుడు ఆసుపత్రిలో నుండునది మీరు. 5 సంవత్సరములు ఎడతెగక సాగిన పాలసీని మోసమున్నగాని కంపెనీ ప్రశ్నింపరాదు. కాని ఆ ఐదేండ్లలో రోగము రాదని పూచీపడువాడెవడు? దరఖాస్తును ఏజెంటే నింపినను, దానిని కొడుకుచేతనో కూతురిచేతనో చదివించుకొని పిమ్మట సంతకము చేయుడు. పాలసీ చేతికి వచ్చిన పిమ్మట 30 దినములలోగా నచ్చకున్న త్రిప్పి పంపవచ్చును.

కంపెనీ చెల్లింపనన్నచో మొదట కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో జవాబు లేకున్నను, జవాబు సరిగా లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనునకు ఒక సంవత్సరములోగా వ్రాసికొనవచ్చును. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణములే గాక మన ప్రక్కనున్న యానాము కూడ ఆ కచ్చేరి పరిధిలోనిదే. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి కాగితము, తిరస్కరించిన ఉత్తరము అన్నియు నకళ్లుగా జతచేయుడు. అసళ్లు మీయొద్దనే ఉంచుకొనుడు.