గంగవాయిలి కూర: పాడి పశువులకు పెట్టే తీరు

తొలకరి పడగానే చేలల్లో, గట్ల మీద గంగవాయిలి కూర గుంపులుగా మొలుస్తుంది. కొన్ని జిల్లాల్లో దీనినే పావిలి కూర, గంగపాయల కూర అంటారు. మనం పప్పులో వండుకుంటాం. కలుపు తీసినప్పుడు గంపలతో తెచ్చి గేదెల ముందు వేస్తాం. మనుషులు తినేదే కదా, పశువుకేమవుతుందని అనుకుంటాం. కాని ఈ మొక్క గుణం తెలిసి పెట్టడం మంచిది.

పెరిగే తీరు: ఇది నేలపై పరుచుకొని పెరుగుతుంది. కాడలు నున్నగా, ఎర్రగా, ఆకులు దళసరిగా ఉంటాయి. కాడలోనూ ఆకులోనూ నీరు దాచుకోవడం వల్ల వాన ముఖం చాటేసినా త్వరగా ఎండదు. చిన్న పసుపు పూలు ఉదయపు ఎండలో కొన్ని గంటలే విచ్చుకుంటాయి. కాయ పైభాగం మూతలా ఊడి, సన్నని నల్ల గింజలు వేలకొద్దీ రాలుతాయి. అవి నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. పీకి గట్టున పడేసిన మొక్క తడి తగిలితే మళ్లీ వేళ్లూనుతుంది. కనుక పూతకు ముందే పీకి, చేను బయటకు చేర్చాలి.

మేతగా: ఇందులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. 10 కిలోల కూర వేస్తే పశువుకు అందే ఎండు పదార్థం ఒక కిలో కూడా ఉండదు. కడుపు నిండుతుంది గాని పాలు పెరగవు. పైగా ఇందులోని ఆగ్జాలిక్ ఆమ్లం రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. పాలిచ్చే పశువు పాల ద్వారా అప్పటికే కాల్షియం కోల్పోతూ ఉంటుంది. ఆకలి మీద ఒక్కసారిగా ఎక్కువ మేస్తే వణుకు, తూలడం, పడిపోవడం జరుగుతాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

పాటించవలసినవి:

1. ఖాళీ కడుపుతో ఉన్న పశువుకు దీనిని వేయరాదు. ముందు జొన్న చొప్ప వేయాలి.

2. ఇతర మేతలో కొద్దిగా కలిపి మొదలుపెట్టాలి. పొట్టలోని సూక్ష్మజీవులకు ఆ ఆమ్లాన్ని విరగగొట్టే అలవాటు క్రమంగానే వస్తుంది.

3. ఈనిన కొత్తలో పశువుకు దీనిని పెట్టకపోవడమే మేలు.

4. ఖనిజ లవణ మిశ్రమం, చాలినంత నీరు రోజూ ఇవ్వాలి.

5. పశువు తూలితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. ఏమి మేసిందో చెప్పాలి. పడిపోయిన పశువు నోట్లో మందు పోయరాదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

కలుపు తీసే రోజుల్లో సంఘ కార్యదర్శులు ఈ అయిదు విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.