వృద్ధాప్యం - మెదడు ఆరోగ్యం: పరిశోధనలు ఏం తేల్చాయి?

ప్రపంచవ్యాప్తంగా 2021 నాటికి 5.7 కోట్ల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) అంచనా. ఏటా కోటికి చేరువగా కొత్త కేసులు నమోదవుతున్నాయి. సైన్స్ అండ్ టెక్నాలజీ, ప్రజారోగ్యం, వృద్ధుల సంక్షేమం... పోటీ పరీక్షల్లో ఈ మూడు పాఠ్యాంశాల్లో ఏ కోణంలోనైనా ప్రశ్న రావచ్చు.

సహజ మార్పు, వ్యాధి: తేడా

వయసు మీదపడితే పేర్లు చప్పున తట్టకపోవడం, కొత్త విషయాలు నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టడం సహజం. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేకపోవడం డిమెన్షియా సూచనలు. డిమెన్షియా అనేది ఒకే వ్యాధి కాదు, జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్షీణించే లక్షణాల సముదాయం. ఈ కేసుల్లో 60-70 శాతానికి అల్జీమర్సే కారణం. దీన్ని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించారు. ఈ వ్యాధిలో నాడీకణాల వెలుపల అమైలాయిడ్ ఫలకాలు, లోపల టావ్ ప్రోటీన్ చిక్కులు ఏర్పడతాయి. లక్షణాలు బయటపడటానికి చాలా ఏళ్ల ముందే ఈ ప్రక్రియ మొదలవుతుంది. నివారణ గురించి నడివయసులోనే ఆలోచించాలని నిపుణులు చెప్పేది ఇందుకే.

కీలక అధ్యయనాలు

- నన్ స్టడీ (అమెరికా): 1986లో డేవిడ్ స్నోడన్ ప్రారంభించారు. 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్నారు. మరణానంతర పరీక్షల్లో కొందరి మెదళ్లలో అల్జీమర్స్ మార్పులు కనిపించినా, జీవించి ఉండగా వారిలో లక్షణాలు లేవు. దెబ్బతిన్నా పనిచేయగల ఈ సామర్థ్యాన్ని ‘కాగ్నిటివ్ రిజర్వ్’ అనే భావనతో వివరిస్తారు.
- ఫింగర్ (ఫిన్లాండ్): ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ముప్పు ఎక్కువగా ఉన్న 1,260 మందిపై రెండేళ్లు జరిగింది. ఆహారం, వ్యాయామం, మేధో శిక్షణ, రక్తనాళాల ముప్పు నియంత్రణ కలిపి అమలు చేసిన బృందంలో మేధో సామర్థ్యం మెరుగ్గా ఉంది.
- స్ప్రింట్ మైండ్ (అమెరికా, 2019): సిస్టాలిక్ రక్తపోటును 140 బదులు 120 లోపు ఉంచే లక్ష్యంతో చికిత్స చేస్తే స్వల్ప మేధో లోపం ముప్పు 19 శాతం తగ్గింది. డిమెన్షియా విషయంలో మాత్రం గణాంకపరంగా స్పష్టమైన తేడా రాలేదు.

లాన్సెట్ కమిషన్: 14 కారకాలు

లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ నివేదికల్లో 2017లో 9, 2020లో 12గా ఉన్న నివారించదగిన డిమెన్షియా ముప్పు కారకాలు 2024 నివేదికలో 14కు పెరిగాయి. కొత్తగా చేరినవి: దృష్టి లోపం, అధిక ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్. వీటన్నింటినీ అదుపు చేస్తే సుమారు 45 శాతం కేసులను నివారించడం లేదా వాయిదా వేయడం సాధ్యమని అంచనా.

- బాల్యం: తక్కువ చదువు
- నడివయసు: వినికిడి లోపం, అధిక ఎల్‌డీఎల్, కుంగుబాటు, తలకు గాయం, శారీరక శ్రమ లేకపోవడం, మధుమేహం, పొగతాగడం, అధిక రక్తపోటు, ఊబకాయం, మితిమీరిన మద్యం
- వృద్ధాప్యం: ఒంటరితనం, వాయు కాలుష్యం, దృష్టి లోపం

భారత్ పరిస్థితి

వృద్ధుల్లో డిమెన్షియాపై జరిగిన లాసీ-డాడ్ సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియా బాధితులే. పురుషుల కంటే మహిళల్లో, పట్టణాల కంటే గ్రామాల్లో దీని వ్యాప్తి ఎక్కువ.

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది బాధితులపై సువర్ణ అల్లాడి బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే ద్విభాషీయుల్లో డిమెన్షియా సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యుల్లోనూ ఈ తేడా ఉండటం విశేషం. అయితే ఇది పరిశీలనాత్మక అధ్యయనం. రెండో భాషే కారణమని దీంతో రుజువు కాదు.

బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురలో 45 ఏళ్లు దాటిన గ్రామీణులపై ‘సాన్స్‌కాగ్’ పేరిట దీర్ఘకాలిక అధ్యయనం చేస్తోంది.

మందులు, పరిమితులు

అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2023 జులైలో పూర్తి అనుమతి ఇచ్చింది. 18 నెలల ప్రయోగంలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. వ్యాధి నయం కాదు. తొలి దశలోనే వాడాలి. మెదడులో వాపు, రక్తస్రావం వంటి దుష్ప్రభావాల వల్ల తరచూ ఎంఆర్‌ఐ పరీక్షలు తప్పవు.

గుర్తుంచుకోండి

- ప్రపంచ అల్జీమర్స్ దినం: సెప్టెంబరు 21
- వృద్ధుల హెల్ప్‌లైన్ (ఎల్డర్‌లైన్): 14567
- తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం: 2007
- వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం: రాజ్యాంగం 41వ అధికరణ

మెయిన్స్ మాదిరి ప్రశ్న

‘డిమెన్షియా నివారణకు వృద్ధాప్యం వరకూ ఆగకూడదు.’ చర్చించండి.

జవాబు కోణం: 14 కారకాలను జీవిత దశలవారీగా విభజించి రాయాలి. బాలికల చదువు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ నియంత్రణ, కళ్లద్దాలు, వినికిడి యంత్రాల పంపిణీని నివారణ చర్యలుగా చూపాలి. ఖరీదైన మందులు కొందరికే అందుతాయి; ఈ సేవలు గ్రామాలకూ చేరగలవన్న వాదనతో ముగించాలి.