పేర్ల వ్యాపారం నేరం కాదు, పరాయి పేరుతో వ్యాపారమే చిక్కు

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. మా చిన్నవాడు బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, రెండేళ్ల కిందట మానేశాడు. వెబ్‌సైట్ల పేర్లు తక్కువకు కొని ఎక్కువకు అమ్మడమే ఇప్పుడు వాడి పని. ఒకటి రెండు పేర్లకు మంచి ధరే వచ్చింది. ఆ ఊపులో ఒక పేరున్న కంపెనీ బ్రాండు చివర ‘హైదరాబాద్’ అని తగిలించి డాట్ కామ్ పేరు తీసుకున్నాడు. అయిదు లక్షలిస్తే ఇచ్చేస్తానని ఆ కంపెనీకే మెయిల్ పెట్టాడట. ఇప్పుడు జెనీవా నుంచి కొరియర్‌లో నోటీసు వచ్చింది. పోలీసులు వస్తారా? పేరు ఇచ్చేస్తే వదిలేస్తారా? అసలీ వ్యాపారమే నేరమా? ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. ఈ వ్యాపారం నేరం కాదు. డొమైన్ పేర్లు కొని, కొంతకాలం ఉంచుకుని, లాభానికి అమ్ముకోకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. 2019లో వాయిస్ డాట్ కామ్ అనే ఒక్క పేరు 3 కోట్ల డాలర్లకు చేతులు మారింది. అది దర్జాగా, బాహాటంగా జరిగిన అమ్మకం. మీ అబ్బాయికి చిక్కు వచ్చింది పేర్లు అమ్ముతున్నందుకు కాదు, ఎవరి పేరును ఎవరికి అమ్మజూపాడన్న దగ్గర.

ఈ నోటీసు మీద పోలీసులు రారు. అది ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, అంటే వైపో నడిపే మధ్యవర్తిత్వ కేంద్రం నుంచి వచ్చి ఉంటుంది. డాట్ కామ్ పేరు కొనేటప్పుడు రిజిస్ట్రార్ షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నట్టు ఒక టిక్కు పెడతాం కదా, ఎవరూ చదవరు. పేరు మీద తగువొస్తే యూడీఆర్‌పీ అనే విధానానికి కట్టుబడతామని అందులోనే ఉంటుంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో దీన్ని తెచ్చింది. ఇందులో జైలు లేదు, జరిమానా లేదు, నష్టపరిహారం లేదు. ఓడితే పేరు రద్దవుతుంది, లేదా అవతలివాళ్లకు బదిలీ అవుతుంది.

కానీ గడువు మాత్రం గట్టిది. విచారణ మొదలైనట్టు నోటీసులో రాసిన తేదీ నుంచి 20 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మామూలుగా ఒకే సభ్యుడి ప్యానెల్ ఉంటుంది కాబట్టి జవాబు ఇచ్చేవారు కట్టాల్సిన రుసుమేమీ లేదు. ఫిర్యాదు చేసిన కంపెనీయే కనీసం 1,500 డాలర్లు, అంటే మన డబ్బులో లక్ష పైనే కట్టి వచ్చింది. జవాబు ఇవ్వనంత మాత్రాన ఓడినట్టేనని నిబంధన లేదు గానీ, మన వైపు మాట చెప్పేవాళ్లు లేనప్పుడు తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఈలోగా ఆ పేరును స్నేహితుడి ఖాతాలోకి మార్చేద్దామని మీవాడు అనుకుంటే, రిజిస్ట్రార్ అప్పటికే దానికి తాళం వేసి ఉంటాడు.

కంపెనీ మూడు సంగతులు రుజువు చేయాలి, మూడూ చేయాలి. పేరు తమ ట్రేడ్‌మార్క్‌తో గందరగోళపెట్టేంత దగ్గరగా ఉందని. ఆ పేరు మీద మీవాడికి న్యాయమైన ఆసక్తి ఏదీ లేదని. రిజిస్టర్ చేయడంలోనూ వాడటంలోనూ దురుద్దేశం ఉందని. బ్రాండు పక్కన ఊరి పేరు చేర్చినంత మాత్రాన పోలిక పోదు కాబట్టి మొదటిది తేలిపోయింది. రెండో దానికి మీ దగ్గర చెప్పుకోడానికేమీ ఉన్నట్టు లేదు. ఇక మూడోది. ట్రేడ్‌మార్క్ యజమానికే, అయిన ఖర్చును మించిన ధరకు అమ్మాలన్న ఉద్దేశంతో పేరు తీసుకుంటే అది దురుద్దేశానికి ఆధారమని ఆ విధానంలోనే రాసి ఉంది. ఆ అయిదు లక్షల మెయిల్‌తో మీవాడు తన చేత్తోనే సాక్ష్యం రాసిచ్చాడు.

కాబట్టి నా సలహా: ఈ పేరు కోసం పోరాడొద్దు. రాజీకి సిద్ధమని కంపెనీ లాయరుకు రాయించండి. ప్యానెల్ సభ్యుణ్ని నియమించకముందే రాజీ కుదిరితే కంపెనీకి తాను కట్టిన రుసుములో కొంత తిరిగి వస్తుంది కాబట్టి వాళ్లూ వింటారు. అయితే ఊరికే ఇచ్చేయకండి. ఈ పేరు గురించి ఏ కోర్టులోనూ దావా వేయబోమని వాళ్ల చేత రాయించుకోండి. ఎందుకంటే జెనీవాలో నష్టపరిహారం లేకపోయినా మన కోర్టుల్లో ఉంది. రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ యజమాని తాను వ్యాపారం చేసే చోటే దావా వేయవచ్చని 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. ఖమ్మం నుంచి ఢిల్లీ హైకోర్టుకు వాయిదాలకు తిరగడం ఎంత ఖర్చో నేను చెప్పక్కర్లేదు. ఇంకోమాట, మీవాణ్ని ఆ కంపెనీకి ఇకపై ఒక్క మెయిల్ కూడా స్వయంగా పెట్టనివ్వకండి.

ఇదంతా చదివి ‘జియోహాట్‌స్టార్ కుర్రాడు అడిగాడు కదా’ అని మీవాడు అనవచ్చు. ఆ కథ 2024 అక్టోబరులో దేశమంతా చదివింది. హాట్‌స్టార్‌ను ఎవరైనా కలుపుకుంటారన్న వార్తలు చూసి, సావన్ జియోసావన్ అయిన సంగతి గుర్తుపెట్టుకుని, ఢిల్లీకి చెందిన ఒక యాప్ డెవలపర్ 2023లోనే జియోహాట్‌స్టార్ డాట్ కామ్ కొనేశాడు. కేంబ్రిడ్జ్‌లో తన చదువుకయ్యే ఖర్చు ఇస్తే పేరు ఇస్తానని రిలయన్స్‌కు ఆ సైటులోనే బహిరంగ లేఖ పెట్టాడు. కంపెనీ ఒప్పుకోలేదని, చట్టపరమైన చర్య తప్పదన్నారని తర్వాత అతనే రాశాడు. ఆ పేరు దుబాయ్‌లోని అన్నాచెల్లెళ్లైన ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది, వాళ్లు దాన్ని ఉచితంగా ఇచ్చేస్తామన్నారు. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైంది. సోషల్ మీడియాలో ఆ కుర్రాడి ముందుచూపును మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. చట్టం ఆ ముందుచూపునే తప్పు పడుతుంది. విలీనం వార్తలు చూసి, రాబోయే బ్రాండును ఊహించి పేరు పట్టుకోవడాన్ని వైపో ప్యానెళ్లు దురుద్దేశంగానే లెక్కిస్తాయి. ‘అప్పటికి ఆ ట్రేడ్‌మార్క్ పుట్టలేదు కదా’ అన్న వాదన మామూలుగా బలమైనదే. ఇలాంటి చోట మాత్రం నిలబడదు.

అంటే అన్నిటికీ మూలం ఒకటే ప్రశ్న: పేరు తీసుకున్న రోజున మీ మనసులో ఎవరున్నారు? మనసును చూడలేరు కాబట్టి తేదీలు, మెయిళ్లు, సైటులో పెట్టిన ప్రకటనలు చూస్తారు. మన సుప్రీంకోర్టు 2004 మే 6న ఇచ్చిన సత్యం ఇన్ఫోవే తీర్పులోనూ ఇదే కనిపిస్తుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన ఆ కంపెనీ తన పేరులోంచి ‘సిఫీ’ అని ఒక కొత్త మాట పుట్టించి 1999లో దానితో డొమైన్లు తీసుకుంది. 2001, 2002లలో మరొకరు ‘సిఫీనెట్’ అని, ఇంగ్లిష్‌లో ఒక్క ఎఫ్ ఎక్కువ వేసి పేర్లు తీసుకున్నారు. అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరని చెప్పుకున్నారు. కోర్టు నమ్మలేదు. బెంగళూరు సివిల్ కోర్టు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. డొమైన్ల కోసం ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును ఇంకొకరిదిగా చలామణీ చేయడాన్ని ఆపే పాత సూత్రం వీటికీ వర్తిస్తుందని తేల్చింది. ఇప్పటికీ మన కోర్టులు నడిచేది ఆ తీర్పు బాటలోనే.

మరి మీవాడు ఏం కొనవచ్చు? నిఘంటువులో ఉండే మామూలు మాటలు, అందరూ వాడే పదబంధాలు, పొట్టి అక్షరాల కూర్పులు. వీటిని అమ్మకానికే పోగు చేసినా అది న్యాయమైన వ్యాపారమేనని వైపో ప్యానెళ్లు ఎన్నోసార్లు ఒప్పుకున్నాయి. సొంత పేరుకు కూడా బలముంది. అమెరికాలో ఉజీ నిస్సాన్ అనే చిన్న వ్యాపారి తన ఇంటిపేరుతో 1994లో నిస్సాన్ డాట్ కామ్ తీసుకుంటే, 1999లో కార్ల కంపెనీ దావా వేసింది. ఏళ్ల తరబడి నడిచింది, ఆయన చితికిపోయాడు, కానీ 2020లో చనిపోయే దాకా పేరు ఆయన దగ్గరే ఉంది. మంచి మాటను న్యాయంగా కొన్నవారి మీద పెద్ద కంపెనీ దబాయింపు ఫిర్యాదు పెడితే, దాన్ని ‘ఎదురు దోపిడీ’గా తీర్పులో రాసే అధికారం ప్యానెల్‌కు ఉంది. డబ్బేమీ రాదు గానీ కంపెనీ పరువు పోతుంది. తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చినా 10 పనిదినాల్లో కోర్టుకు వెళితే బదిలీ ఆగుతుంది. ఏ దేశపు కోర్టుకు వెళ్లాలో ఫిర్యాదులోనే రాసి ఉంటుంది, అది ముందే చూసుకోవాలి.

డాట్ ఇన్ పేర్ల సంగతి వేరు. తెలుగు లిపిలోనే దొరికే డాట్ భారత్ పేర్లు కూడా అంతే. వాటిని ఢిల్లీలోని నిక్సీ అనే సంస్థ చూస్తుంది, తగువులు ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానం కిందికి వస్తాయి. అక్కడ కొనడంలో దురుద్దేశమున్నా సరే, వాడకంలో ఉన్నా సరే, ఏదో ఒకటి చాలు. కాబట్టి డాట్ ఇన్‌లో పేరు పోగొట్టుకోవడం ఇంకా తేలిక. తీర్పు మధ్యవర్తిత్వ అవార్డు రూపంలో వస్తుంది. దాన్ని సవాలు చేయాలంటే 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి.

నాయకులు, సినిమా తారల పేర్ల జోలికి పోవద్దు. అరుణ్ జైట్లీ పేరుతో ఉన్న డాట్ కామ్ మీద 2011లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో హెచ్చరిక: అక్కడ 1999 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. ఒక్కో పేరుకు 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా పరిహారం వేయవచ్చు.

పేరు కొనే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతకండి, అది ఉచితం. రిజిస్ట్రార్ సైటు ‘ఈ పేరు ఖాళీగా ఉంది’ అని చూపించిందంటే చట్టం అనుమతించిందని కాదు. స్నాప్‌డీల్ కేసులో 2022లో ఢిల్లీ హైకోర్టు, బ్రాండ్లను పోలిన పేర్లను ‘ఇవి ఖాళీ’ అని చూపి అమ్ముతున్నందుకు రిజిస్ట్రార్లనే తప్పుపట్టింది.

కొన్న పేరు మనకు పట్టా భూమి కాదు, కౌలు. ఏటేటా కట్టాలి, ఒక్కసారి మహా అయితే 10 ఏళ్లకు కట్టవచ్చు. డాట్ కామ్ గడువు తీరాక రిజిస్ట్రార్‌ను బట్టి కొద్ది రోజుల నుంచి 45 రోజుల దాకా మామూలు రుసుముతో దక్కించుకోవచ్చు. పేరును తొలగించాక ఇంకో 30 రోజులు పెద్ద రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది. ఆ పైన 5 రోజులకు పేరు బజారులో పడుతుంది. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. ఆ మెయిల్ పాత ఐడీకి వెళితే తప్పు మీదే.

ఈ సందర్భంలో చిన్న వ్యాపారులకు ఒక మాట. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు పేరును తన ఖాతాలో రిజిస్టర్ చేసుకుని, తర్వాత గొడవొస్తే పట్టుకు కూర్చోవడం మన ఊళ్లలో బాగా చూస్తున్నాను. ఈరోజే మీ పేరు ఎవరి మీద ఉందో చూసుకోండి. మీ బ్రాండును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకోవడానికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలే ప్రభుత్వ రుసుము.

అమ్మేటప్పుడు డబ్బు చేతికందకుండా బదిలీ కోడ్ ఎవరికీ ఇవ్వకూడదు. డబ్బు మధ్యలో ఉంచే ఎస్క్రో సేవ వాడాలి. ఆ సేవను కొనేవాడు పంపిన లింకులోంచి కాకుండా మీరే వెతికి తెరవాలి, నకిలీ ఎస్క్రో సైట్లు బోలెడు. ఇంకో పాత మోసం ఉంది. మీ పేరుకు వేల డాలర్లిస్తామని మెయిల్ వస్తుంది, ముందు ఫలానా చోట విలువ ధ్రువపత్రం తీసుకోమంటారు, దాని రుసుము కట్టగానే కొనేవాడు మాయం. అలా మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వేరొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసగిస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అదే సెక్షన్ పేర్లు కొన్నవాడికీ తగలవచ్చు. బ్యాంకును, దేవస్థానాన్ని పోలిన పేరు తీసుకుని గదుల బుకింగ్ పేరిట డబ్బు గుంజితే అప్పుడు పోలీసులు తప్పకుండా వస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఇలాంటి నకిలీ సైట్లపై ఎన్నోసార్లు ఫిర్యాదులు చేసింది.

పన్ను సంగతి క్లుప్తంగా: ఇదే వృత్తిగా చేస్తే వచ్చేది వ్యాపార ఆదాయం, ఏటా కట్టే రెన్యువల్ రుసుములు ఖర్చు. రసీదులన్నీ దాచుకోవాలి, విదేశీ సొమ్ముకు బ్యాంకు నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. టర్నోవరు 20 లక్షలకు చేరువవుతుంటే జీఎస్టీ గురించి ఆడిటర్‌ను కలవాలి.

మాస్టారూ, మీవాడు ఈ పని మానాల్సిన అవసరం లేదు. కానీ ఇప్పుడే వాడి దగ్గరున్న పేర్ల జాబితా తెమ్మనండి. వేరొకరి బ్రాండు దాగి ఉన్న ప్రతి పేరునూ రెన్యూ చేయకుండా వదిలేయమనండి. ఎవరికీ వాటిని అమ్మజూపవద్దనండి. మిగిలిన వాటితో ఇల్లు గడుస్తుందా లేదా అన్నది వాడి లెక్కల పుస్తకం చెబుతుంది. ఈ వ్యాపారంలో కొన్న పేర్లలో ఎక్కువ భాగం అమ్ముడుపోవు, వాటి రెన్యువల్ మాత్రం ఏటా కట్టాలి. కాబట్టి ఇంకో ఉద్యోగం చూసుకుని, దీన్ని పక్క ఆదాయంగా పెట్టుకోమనే నేను చెబుతాను.