చాటుచూపు - హనుమంతుని ధర్మశంక

సుందరకాండ పారాయణ చేసేవారు సముద్రలంఘనాన్నీ, లంకాదహనాన్నీ తనివితీర స్మరిస్తారు. పదకొండవ సర్గలోని ఒక చిన్న ఘట్టం మాత్రం పఠనవేగంలో తరచుగా దాటిపోతుంది.

సీతాన్వేషణలో హనుమంతుడు రాత్రివేళ రావణాంతఃపురం ప్రవేశించాడు. ఒడలెరుగక నిద్రిస్తున్న స్త్రీలను పరికించాడు. మండోదరిని చూచి సీతయేనని భ్రమించాడు. రామవియోగంలో ఉన్న సాధ్వి అట్లా అలంకరించుకొని నిద్రించదని వెంటనే గ్రహించాడు. వెదకులాట సాగుతుండగా అతనికి ధర్మభయం కలిగింది. నిద్రిస్తున్న పరస్త్రీలను ఇట్లా చూడడం తన ధర్మానికి లోపం కాదా? తన్ను చూచేవారు, నిందించేవారు అక్కడ ఎవరూ లేరు. అయినా తనకు తానే న్యాయాధిపతి అయినాడు.

అతడు రెండు సమాధానాలు చెప్పుకొన్నాడు. ఇంద్రియాలను మంచిచెడులకు నడిపేది మనస్సు. తన మనస్సు చలించలేదు. తప్పిపోయిన స్త్రీని స్త్రీల నడుమనే వెదకాలి గాని, ఆడులేళ్ల మందలో వెదకలేము గదా!

పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "గురువుగారూ, మనస్సు నిర్మలమైతే చాటుగా చూచినా దోషం లేదన్నమాటేనా?" వితండవాదమని అతణ్ణి గద్దించి కూర్చోబెట్టాను. గద్దింపు సమాధానం కాదు. అప్పుడు చెప్పవలసినది ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి సమాధానాన్ని రెండవదాని నుండి విడదీయరాదు. ఒక అబల ప్రాణరక్షణకై, వేరు దారి లేక చూచిన చూపు అది. సీత అక్కడ లేదని తేలగానే ఆ పానశాలను విడిచి వెళ్లాడు. తిరిగి వచ్చి వానరులకు వృత్తాంతం చెప్పినప్పుడు, రాత్రంతా అంతఃపురంలో వెదకినా సీత కనబడలేదని మాత్రమే అన్నాడు. ఆ స్త్రీల వర్ణన అతని నోట రాలేదు. అవసరం, నిర్వికారం, నిష్క్రమణం, మౌనం - ఈ నాలుగూ ఉన్నచోటే ఆ చూపు నిర్దోషం.

నేడు స్నానఘట్టాల వద్ద, వస్త్రాలు మార్చుకొనే గదుల వద్ద చాటుగా సెల్‌ఫోను ఎత్తేవారిలో ఈ నాలుగింటిలో ఏది ఉన్నది? భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం ఇది నేరం. మొదటిసారికే 1 నుండి 3 సంవత్సరాల కారాగార శిక్ష, జరిమానా ఉన్నాయి. అయితే శిక్షాభయంతో మానినవాడు ఎవరూ లేనిచోట మళ్లీ చూస్తాడు. హనుమంతుడు శంకించుకొన్నది ఎవరూ లేనిచోటనే.

ఈసారి పారాయణలో ఆ సర్గ వద్ద ఒక్క క్షణం ఆగుదాం. ఇంట్లో ఎదుగుతున్న బిడ్డలకు ఆ ఘట్టం వివరించి చెబుదాం. వారు ప్రశ్నిస్తే గద్దించకుండా బదులిద్దాం.